మార్చి పైసలు, మే నెల చెరువు

ఈమధ్య ఇరిగేషన్ శాఖలో కొత్తగా ఏ.ఈ.గా చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. దూరపు చుట్టాల అమ్మాయే. చాయ్ తాగుతూ, "అంకుల్, ఉద్యోగంలో ముందు ఏం నేర్చుకోవాలి?" అని అడిగింది. డిపార్ట్‌మెంట్ పరీక్షల గురించి చెబుతాననుకుందేమో, పెన్ను కూడా తీసింది. లోపల పెట్టుకోమన్నాను.

ముప్పై ఏళ్ల పైచిలుకు పని చేశాను. ప్రమోషన్లు అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి, కొన్ని ఆలస్యంగా, ఒకటి అర్హత లేకుండా. వాటి గురించి రాయడానికేమీ లేదు. ఆర్మూర్‌లో పాత చెరువని ఒక చెరువుంది. దాని దగ్గర నేను ఒకసారి చిత్తుగా ఓడిపోయాను, ఒకసారి బ్రహ్మాండంగా గెలిచాను. ఆ అమ్మాయికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

వాసన పట్టిన అంగీ

ఎనభైల చివర్లో నన్ను ఆర్మూర్ సెక్షన్‌కు వేశారు. మాది కమ్మర్‌పల్లి, పసుపు పండించే ఇల్లు. చిన్నప్పుడు మా నాయనతో పాటు పసుపు బస్తాల మీద కూర్చుని ఎన్నోసార్లు ఆర్మూర్ అంగడికి వచ్చాను. అప్పుడు చూసిన పాత చెరువు వేరు, ఆఫీసరుగా వచ్చాక చూసింది వేరు.

ఊరు పెరిగింది. ఇళ్ల మురుగు, హోటళ్ల మురుగు, పసుపు పాలిష్ పట్టే షెడ్ల కడుగునీళ్లు అన్నీ ఒకే పెద్ద మోరీలో కలిసి చెరువు పడమటి మూలన పడేవి. పసుపు సీజన్‌లో ఆ మోరీ పచ్చగా పారేది, మిగతా కాలమంతా నల్లగా. చెరువంతా గుర్రపుడెక్క. నేల అనుకుని దాని మీదికి నడిచిన బర్రెదూడను ఒకసారి తాళ్లు వేసి లాగారు. కట్ట కింది వరి పొలాలకు మాత్రం ఇంకా ఆ నీళ్లే దిక్కు.

నేను చేరిన మొదటి వారంలోనే ఒకామె ఆఫీసుకు వచ్చింది. పేరు గంగవ్వ. నలభై దాటిన మనిషి, ఊళ్లో ఇంటింటి బట్టలు ఉతికి బతికేది. తల మీది మూట దించి తిన్నగా నా బల్ల మీద పెట్టింది.

"గీ అంగీ వాసన జూడు సారూ," అంది.

ఉతికి ఆరేసిన చొక్కా. ముక్కు దాకా తీసుకుపోయి వెంటనే వెనక్కి తీశాను.

"సబ్బు తక్కువేసిననంటుండ్రు. రెండు బిళ్లలు అరగదీసిన. నీళ్లే గట్లున్నయి, నేనేం జెయ్యాలె? ఇప్పటికి ఏడిండ్లోళ్లు బట్టలిచ్చుడు బంద్ జేసిండ్రు. గిట్లనే ఉంటే మిగిలినోళ్లు గూడ బంద్ జేస్తరు."

"వేరే చెరువుకు పోరాదా?" అన్నాను. ఇలాంటి సలహాలు ఆఫీసర్లకు చాలా తేలిగ్గా వస్తాయి.

"పక్కూరి చెరువు దాక గీ మూట మోస్కోని నువ్వొకపారి పోయి రా సారూ. అప్పుడు జెప్పు."

ఊళ్లో ఇంకో మాట కూడా నడుస్తోంది. ఎట్లాగూ చచ్చిన చెరువే కదా, మట్టి నింపి పసుపు అంగడి పెంచుకుందామని కొందరు పెద్దమనుషులు పైకి అర్జీ పంపారు. అంటే శుభ్రం కాకపోతే చెరువే ఉండదు. గంగవ్వకు ఆ సంగతి నాకంటే ముందే తెలుసు.

గడ్డి సారు

ఆ ఏడాదే మురికి చెరువుల శుద్ధికని ప్రభుత్వం నిధి ఇచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినాలి. నిధికి ఒక క్యాలెండర్ ఉంటుంది, చెరువుకు ఇంకొకటి ఉంటుంది. మార్చి ముప్పై ఒకటిలోపు ఖర్చు కాని నిధి వెనక్కి పోతుంది. చెరువులోనేమో యాసంగి వరి కోసేదాకా నీళ్లుంటాయి, మే నెలలో గానీ అడుగు కనిపించదు. అడుగు ఎండితేనే పూడిక తీయగలం. అది ఎండేసరికి డబ్బుండదు. మన చెరువుల్లో సగం ఈ సందులో ఇరుక్కునే పాడయ్యాయని నా అభిప్రాయం.

మా పై ఇంజనీరు, ఈ.ఈ. గారు, నిజామాబాద్‌లో ఉండేవారు. మంచివారే కానీ బాగా భయస్తులు. ఏ ఫైలు మీదైనా సంతకం పెట్టే ముందు పెన్ను క్యాప్ రెండు మూడుసార్లు తీసి పెట్టేవారు. జనవరిలో నన్ను పిలిచి, "మార్చిలోపు ఖర్చు చూపించవయ్యా. ఏం చేస్తావో నీ ఇష్టం," అన్నారు.

నీళ్లుండగా చేయదగ్గ పని నాకు ఒక్కటే కనిపించింది, గడ్డి తీయడం. కూలీలు తెప్పల మీద పోయి కొక్కేలతో గుర్రపుడెక్క లాగి కట్ట మీద కుప్పలు పోశారు. నెల రోజుల్లో నీళ్లు బయటపడ్డాయి. ఫొటోలు తీయించాను. ఒక నాయకుడు వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. పేపర్లో జిల్లా పేజీలో నా పేరు వచ్చింది. ఆ ముక్క కత్తిరించి పర్సులో దాచుకున్నాను.

ఆ సంబరంలో నీరటి లింబాద్రి చెప్పిన మాట నా చెవికెక్కలేదు. నీరటి అంటే చెరువు తూము ఎత్తి దించి, ఏ మడికి ఎన్ని నీళ్లో పంచే మనిషి. లింబాద్రి తాతల నాటి నుంచి వాళ్లింటి పని అదే. అరవై దాటినా కట్ట మీద నాకంటే చురుగ్గా నడిచేవాడు.

"గడ్డి తీసిండ్రు, మంచిదే. గా మోరీ సంగతేంది సారూ?" అని అడిగాడు.

"దానికి వేరే నిధి రావాలి లింబాద్రన్నా."

"మరి గీ కుప్పలు?"

"ఎండకు ఎండిపోతాయి."

"ఎండేది పైపైన్నే," అన్నాడు.

అతను చెప్పినట్టే అయింది. మృగశిర వానలకు ఆ కుప్పలు జారి మళ్లీ చెరువులోనే పడ్డాయి. అడుగున పచ్చిగా మిగిలిన తీగ నీళ్లు తగలగానే లేచింది. మోరీ దానికి పూటపూటా మేత వేస్తూనే ఉంది. దసరా నాటికి ఒక్క బిందెడు నీళ్లు పైకి కనిపిస్తే ఒట్టు.

బస్టాండ్ పక్క హోటల్లో నాకు గడ్డి సారు అని పేరు పడింది. నేను లోపల అడుగు పెట్టగానే, "గడ్డి సారుకు ఒక చాయ్ గొట్టు," అని ఎవరో ఒకరు కేకేసేవారు. కోపం వచ్చేది. దానికి మించి సిగ్గేసేది, ఎందుకంటే పేరు సరిగ్గానే పెట్టారు. పేపరు ముక్క తీసి పారేశాను. గంగవ్వ మాత్రం ఎగతాళి చేయలేదు. ఎదురైనప్పుడు, "ఇంకో నాలుగిండ్లు పోయినయి సారూ," అని చెప్పి తన దారిన తను పోయేది. ఆమె అలా పోవడం హోటల్ వాళ్ల నవ్వు కన్నా ఎక్కువ బాధపెట్టేది.

తూము దగ్గర చదివిన కాగితం

మరుసటి ఏడు నిధి రెండో విడత వచ్చింది. దానితో పాటు హెచ్చరిక కూడా వచ్చింది. ఈసారి కూడా చెరువు మారకపోతే దీనికి ఇక నిధి లేదు, అంగడి పెంచాలన్న అర్జీ చేతిలోకి తీసుకుంటారు.

ఈ.ఈ. గారు ఉపాయం కూడా తామే చెప్పారు. "ఫిబ్రవరిలో తూము ఎత్తించి చెరువు ఖాళీ చేయి. మార్చంతా పూడిక తీయి. రైతుల సంగతి తర్వాత చూద్దాం."

అది తప్పని నాకు తెలుసు. తెలిసీ ఆర్డరు మీద సంతకం పెట్టాను. గడ్డి సారు అన్న పేరు ఎప్పుడు వదిలించుకుందామా అన్న తొందరలో ఉన్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అదే. గడ్డి కుప్పలు దాని ముందు ఎంత?

మర్నాడు పొద్దున్నే లింబాద్రి ఆ కాగితం పట్టుకుని వచ్చాడు.

"నాకు సదువు రాదు సారూ. కట్ట మీదికొచ్చి సదివి జెప్పు."

"ఇక్కడే చదువుతాను, ఇయ్యి."

"గీడ గాదు. తూము కాడ సదువాలె."

పోయాను. తూము పక్కన నిలబడి కాగితం విప్పాను. ఎదురుగా కట్ట కింద వరి పొట్టకు వస్తోంది. గట్ల వెంట గడ్డి కోస్తున్న ఆడవాళ్లు, మడుల్లో రైతులు తలలెత్తి మా వైపు చూస్తున్నారు.

"జర గట్టిగ సదువు సారూ. ఆళ్లకు గూడ ఇనవడాలె," అన్నాడు లింబాద్రి.

'చెరువులోని నీటిని పూర్తిగా వదిలివేసి, యాసంగి పంటకు ఇకపై నీరు ఉండదని రైతులకు తెలియజేయవలసినదిగా' అన్న దాకా చదివాను. అది నేను రాసిన వాక్యమే. ఆఫీసులో రాస్తున్నప్పుడు మామూలుగానే ఉంది. ఆ పైరు ముందు నిలబడి మిగతా ముక్క చదవలేకపోయాను. పొట్ట మీదున్న వరికి నీళ్లు లేకుండా చేయడమంటే ఏమిటో రైతు కొడుకుకు ఒకరు చెప్పాలా?

కాగితం చింపేశాను. "తూము ఎత్తకు లింబాద్రన్నా," అన్నాను.

"నువ్వు జెప్పకున్నా నేను ఎత్తకపోదును. గా మాట నీ నోటెంట రావాలని తోల్కొచ్చిన," అన్నాడు.

ఇద్దరం కట్ట మీద కూలబడ్డాం. అతను తంబాకు నలుపుతూ, నాకు పాఠం చెప్పాడు.

"మార్చిల పైసలొస్తే మార్చిల అయ్యే పని జెయ్యి సారూ. నీళ్లున్నా మోరీ పని అయితది. మన్ను పని మే నెలల."

"మే నెలలో పైసలుండవు కదా."

"మన్నుకు పైసలెందుకు? మీ నాయన పసుపు వెట్టేటోడే గద. మన్ను ఏడికెళ్లి తెస్తుండె?"

చెరువులోంచే తెచ్చేవాడు. పసుపు పెట్టే ముందు, ఎండలు ముదిరాక, మా ఊళ్లో ప్రతి ఇంటి బండీ ఎండిన చెరువులోకి దిగేది. చెరువు మన్ను పడితేనే పసుపు కొమ్ము బాగా ఊరుతుందని మా వైపు నమ్మకం. ఆ మన్ను బండ్ల మీద దొర్లుతూ పెరిగినవాణ్ని నేను. ఇంజనీరింగ్ చదివాక అదే మన్ను నా ఎస్టిమేట్లలో 'పూడిక, ఎత్తి దూరముగా పారవేయుట' అయి కూర్చుంది. పారేయడానికి డబ్బు కావాలని నేను ప్రభుత్వాన్ని అడుగుతున్నాను. దొరికితే మోసుకుపోదామని రైతులు చూస్తున్నారు. నాలాంటి బుద్ధిమంతుడు ఇంకొకడుంటాడా?

సేటు ధోతి

ఎస్టిమేట్ తిరగరాశాను. మార్చి డబ్బంతా మోరీకే. మోరీని చెరువులో పడకముందే పక్కకు మలిపి, రాతి కాలువలో తిప్పి, రెండు పెద్ద గుంతల్లో మడ్డి దిగనిచ్చి, పైన తేరిన నీళ్లను కట్ట అవతలి పశువుల గడ్డి మళ్లకు వదలాలి. మోరీ పడే మూలకు అడ్డకట్ట వేసి, లోపలి నీళ్లు తోడి, ఏ రైతూ ముట్టని నల్ల మడ్డిని మేమే తీసేయాలి. కాలువ ఎటు పోవాలో లెవెల్ మిషన్ పెట్టి గుర్తులు వేశాను. అంతకుముందే లింబాద్రి కర్రతో నేల మీద గీత గీసి పెట్టాడు. రెండూ ఒకచోటే వచ్చాయి.

ఆ గీత ఒక పాలిష్ షెడ్డు జాగాలోంచి పోయింది. ఆ షెడ్డు ఆసామిని ఊరంతా సేటు అనేది, నేనూ అదే అంటాను. ఆయన ఒప్పుకోలేదు. "నా జాగలకెళ్లి మోరీ ఏంది సార్? సర్కారు జాగనే లేదా?" అన్నాడు. రోజూ పోయేవాణ్ని. మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇచ్చేవాడు, జాగా మాత్రం ఇచ్చేవాడు కాదు. చూస్తుండగానే మార్చి వచ్చేసింది.

ఒకరోజు గంగవ్వ ఎదురైతే, ఉండబట్టలేక సేటు సంగతి ఆమెతో అనేశాను. విని తలూపి పోయింది.

రెండు రోజుల తర్వాత సేటును మళ్లీ అడుగుదామని పోయేసరికి అంగడి నిండుగా ఉంది. అంకాపూర్, ఏర్గట్ల రైతులు పసుపు రాసులు పోసుకుని కూర్చున్నారు. సేటు మల్లెపువ్వు లాంటి ధోతి కట్టుకుని బేరాలు చేస్తున్నాడు. గంగవ్వ వచ్చి, ఒక మూట విప్పి, ఆయన ముందు రెండు ధోతులు పరిచింది. మట్టిరంగు, మీద పసుపు చారలు.

"నీయే సేటు. నీ షెడ్డు నీళ్లు పడ్డకాడ పిండుకొచ్చిన," అంది. "ఇన్నొద్దులు నీ బట్టలు బోరు కాడ ఉతికిన, పెద్దింటోడు గదాని. గందుకే ఊరందరి బట్టలు గబ్బు వాసనొస్తుంటే నీకు ఎర్కలేదు. ఇప్పటిసంది నీయి గూడ అందరియోలె చెరువులనే ఉతుకుత. కట్టుకో."

అంకాపూర్ రాజారెడ్డి పక్క రాసి దగ్గరే ఉన్నాడు. పేరున్న పసుపు రైతు, మాటకారి. "కట్టుకో సేటూ. పసుపు సేటు ఒంటి మీద పసుపుంటే తప్పేంది?" అన్నాడు. అంగడంతా గొల్లుమంది. సేటు మొహం కందిపోయింది. ధోతి ఒకటి చేతిలోకి తీసుకుని, వాసన చూసి, దూరంగా పట్టుకున్నాడు. తర్వాత ఆయనకూ నవ్వొచ్చింది.

"పొద్దుగాల రా సార్. గా గీత ఏడికెళ్లి పోవాల్నో సూపెట్టు," అన్నాడు నాతో.

జాగా ఇవ్వడమే కాదు, తన షెడ్డు నీళ్లకు చెత్త ఆపే జాలీ కూడా తనే పెట్టించాడు. నేను మొండిఘటాలనుకున్న వాళ్లలో చాలామందికి అసలు సంగతి ఎవరూ ముక్కు దగ్గరికి తీసుకుపోయి చూపించలేదంతే.

మార్చి ముప్పైన, పొద్దు వాలుతుండగా పని ముగిసింది. మోరీ నీళ్లు మలుపు తిరిగి గుంతల వైపు పారాయి. చెరువులో ఒక్క చుక్క పడలేదు. లింబాద్రి తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు, అతని సంతోషం అంతే. నాకైతే అక్కడే గంతులు వేయాలనిపించింది.

మన్ను బండ్లు

పూడిక ప్రభుత్వపు ఆస్తి. రైతులకు ఊరికే ఇస్తే రేపు ఎవరైనా అడగొచ్చు. ఈ.ఈ. గారి దగ్గరికి పోయి అంతా చెప్పాను, చింపిన ఆర్డరు సంగతితో సహా. పెన్ను క్యాప్ తీశారు, పెట్టారు, మళ్లీ తీశారు.

"పైకి రాసి అనుమతి అడుగుదామయ్యా."

"జవాబు వచ్చేలోపు వానలొస్తాయి సర్."

"తూము ఎత్తమన్నది నేను కదా," అన్నారు మెల్లగా. "నువ్వు నా మాట విని ఉంటే ఆ రైతుల ముందు నేను ఏ మొహం పెట్టుకుని నిలబడేవాణ్ని?" అని నా కాగితం మీద ఒకే వాక్యం రాసి సంతకం పెట్టారు. రైతులు సొంత ఖర్చుతో పూడిక తీసుకొనుటకు అనుమతించడమైనది. ధైర్యవంతులైన పై అధికారుల దగ్గర తర్వాత చాలా ఏళ్లు పని చేశాను. ఆ భయస్తుడి సంతకం మీద ఉన్నంత గౌరవం వాళ్లెవరి మీదా లేదు.

వరి కోతలయ్యాయి, చెరువు అడుగు తేలింది. చుట్టుపక్కల ఊళ్లలో డప్పు చాటింపు వేయించాం. మొదటి రోజు ఒక్కరూ రాలేదు. ఊరి మురికి దిగిన మన్ను పసుపుకు పనికొస్తుందా అని అందరికీ అనుమానం. ఎండలో గొడుగు పట్టుకుని సాయంత్రం దాకా కట్ట మీద నిలబడ్డాను. హోటల్లో పెట్టబోయే కొత్త పేరు ఏమై ఉంటుందా అని ఆలోచిస్తూ ఇంటికి పోయాను.

రెండో రోజు రాజారెడ్డి ట్రాక్టర్ మీద ఒక్కడే వచ్చాడు. చెరువులోకి దిగి, పడమటి మూల నుంచి తూర్పు దాకా నడుస్తూ, పది అడుగులకు ఒకచోట మన్ను గడ్డ తీసి చిదిమాడు, వాసన చూశాడు, చివరికి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"మోరీ దిక్కుది ఒద్దు సార్. నడుమకెళ్లి తూర్పు దాక ఉన్నది మస్తుంది. నా పసుపుకు ఇదే ఏస్త," అన్నాడు.

మూడో రోజు పొద్దున నేను పోయేసరికి కట్ట మీద జాగా లేదు. అంకాపూర్ వాళ్లు ఒక పని మొదలుపెడితే మిగతా ఊళ్లు ఆగవు. ట్రాక్టర్లు, ఎడ్ల బండ్లు వరసకట్టాయి. లింబాద్రి సున్నం గీతలు వేసి, ఎవరు ఎక్కడ ఎంత లోతు తవ్వాలో చెబుతూ, కట్ట మొదట్లో ఎవరైనా గడ్డపార వేస్తే తిట్టిపోస్తూ తిరిగాడు. గుర్రపుడెక్క వేళ్లతో సహా మన్నులో కలిసి చేలకు పోయింది. మా నాయన కమ్మర్‌పల్లి నుంచి బస్సెక్కి చూడ్డానికి వచ్చాడు. "గిప్పుడు పన్కొచ్చింది నీ సదువు," అన్నాడు. మెడల్ ఇచ్చినా నాకు అంత సంతోషం ఉండేది కాదు.

అదే సబ్బు

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. పాత చెరువు నిండి అలుగు పారింది, మా భాషలో మత్తడి దుంకింది. ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. ఆ గుంపులోంచి గంగవ్వ వచ్చి, "నీ తెల్ల అంగీ ఒకటియ్యి సారూ," అంది. మూడో రోజు ఉతికి మడత పెట్టి తెచ్చిచ్చింది. అదే వేసుకుని నిజామాబాద్ మీటింగ్‌కు పోయాను.

"చెరువు బాగుపడిందని పైకి ఏమని రాయాలయ్యా? నీటి పరీక్ష రిపోర్టు ఇంకా రాలేదు కదా," అన్నారు ఈ.ఈ. గారు.

"నా చొక్కా వాసన చూడండి సర్. పాత చెరువులో ఉతికింది."

ఆయన కుర్చీలోంచి లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వంగి నా చెయ్యి దగ్గర వాసన చూశారు.

"ఏం సబ్బు?"

"పాత సబ్బే సర్. నీళ్లు మారాయి."

అంగడి అర్జీ మీద 'చెరువు వాడుకలో ఉన్నది' అని రాసి ఆ వారమే తిప్పి పంపారు. తర్వాత తొంభైల పొడుగునా ఆ చుట్టుపక్కల ఏ చెరువుకు నిధి వచ్చినా ఇదే పద్ధతి నడిపాను. మార్చి డబ్బుతో మోరీ, మే నెలలో రైతులతో మన్ను. మడ్డి గుంతలు ఏటా తీయకపోతే అన్నీ మొదటికొస్తాయి, కాబట్టి ఏటా పోరాడి తీయించాను. హోటల్లో నన్ను చివరిదాకా గడ్డి సారు అనే పిలిచారు. చాయ్‌కి డబ్బులు మాత్రం ఇక తీసుకోలేదు.

ఆ మీటింగ్ తర్వాతి ఆదివారం ఈ.ఈ. గారి జీపు ఆర్మూర్ వచ్చింది. దిగింది డ్రైవర్ ఒక్కడే, చేతిలో బట్టల మూట. చెరువు దగ్గరికి తీసుకుపోయాను. గంగవ్వ మోకాలి లోతు నీళ్లలో నిలబడి దుప్పటి జాడిస్తోంది. బండల మీద, గట్టు మీద, కంచె మీద ఎటు చూసినా ఆరేసిన బట్టలే. చేతులు తుడుచుకుని వచ్చి, మూట ముడి విప్పి చూసి, మళ్లీ కట్టింది.

"గీడ పెట్టు. మీ సారుకు జెప్పు, వచ్చే ఆయితారం దాక కావు," అంది డ్రైవర్‌తో. "నాకు తీరుతలేదు. పోయినిండ్లన్ని మల్లొచ్చినయి."